గోడ మీది నోటీసుతో బాధ్యత తీరేనా?

ఏటా తొలకరికి ముందు మన పురపాలక సంఘాలు ఒక జాబితా తయారుచేస్తాయి. శిథిల భవనాలను గుర్తించి, గోడకు నోటీసు అంటించి, ఖాళీ చేయమని చెప్పి వస్తాయి. ముసురు పట్టిన ఏదో ఒక రాత్రి ఆ జాబితాలోని ఇల్లో, జాబితాకెక్కని ఇల్లో కూలుతుంది. మర్నాడు పరామర్శలు, ఎక్స్‌గ్రేషియా ప్రకటన, యజమానిపై కేసు, కిందిస్థాయి ఉద్యోగి సస్పెన్షన్. ఈ వరస మారదు. ‘ముందే నోటీసు ఇచ్చాం’ అంటారు అధికారులు. ‘అద్దెకున్నవాళ్లు కదల్లేదు’ అంటాడు యజమాని. ‘పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి’ అంటారు అద్దెదారులు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ఆ మూడు నిజాల సందుల్లోంచే బాధ్యత జారిపోతోంది. చేయాల్సిన మరమ్మతు చేయకపోవడం వల్ల ప్రాణాలు పోతే చట్టం ఎవరిని పట్టుకోవాలన్న ప్రశ్న ప్రతి దుర్ఘటన తర్వాతా లేస్తుంది, వారం తిరక్కుండానే సద్దుమణుగుతుంది.

కట్టడం కూలేది క్షణాల్లోనే అయినా, అందుకు సిద్ధపడేది ఏళ్ల తరబడి. డాబా మీద నిలిచిన నీరు స్లాబులోకి ఇంకుతుంది. లోపలి చువ్వలకు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది గనుక చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది. పెచ్చులూడతాయి, చువ్వలు బయటపడతాయి, బరువు మోసే సత్తువ తగ్గుతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఉప్పు ఈ పనిని మరింత వేగిరం చేస్తుంది. పాత సున్నపు కట్టుబడి అయితే చెమ్మకు సున్నం పట్టు వదులుతుంది, సందుల్లో మొలిచిన రావి మొక్క గోడను చీలుస్తుంది. ప్రతి దశలోనూ ఒక సంకేతం ఉంటుంది, దాన్ని చూసినవాళ్లూ ఉంటారు. పగులు మీద సిమెంటు పూసి, ఆపైన రంగు వేసి మరో ఏడాది నెట్టుకొస్తారు. చేసిన తప్పును పట్టుకోవడం చట్టానికి సులువు. పదిమంది పదేళ్లపాటు చేయకుండా వదిలేసిన పనిని పట్టుకోవడమే కష్టం.

శిక్షాస్మృతిలో ఖాళీ

మన నేరచట్టంలోని లోటు ఇక్కడే బయటపడుతుంది. భారతీయ న్యాయ సంహితలో భవనాల గురించే ప్రత్యేకంగా చెప్పే 290వ సెక్షన్, కట్టడాన్ని కూల్చేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు, నిర్మించేటప్పుడు జాగ్రత్త తీసుకోనివారికి వర్తిస్తుంది. గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, జరిమానా 5,000 రూపాయలు. అంటే మరమ్మతు సరిగా చేయనివాడు ఈ సెక్షన్‌కు దొరుకుతాడు. అసలు చేయనివాడు దొరకడు. ప్రాణాలు పోయాక పోలీసులు రెండు దారుల్లో ఒకటి పట్టాలి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. పాత శిక్షాస్మృతిలోని 304ఏ కింద ఇది రెండేళ్లే. ప్రాణం పోతుందని తెలిసీ చేసినట్టు రుజువైతే 105వ సెక్షన్ కింద పదేళ్ల వరకు. జనాగ్రహం వేడిలో తీవ్రమైన సెక్షనే పెడతారు. కోర్టులో ‘తెలిసీ’ అన్న మాటను నిరూపించలేక కేసు తేలికపాటి సెక్షన్‌కు దిగజారుతుంది. భోపాల్ గ్యాస్ కేసులో 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని ఇలాగే తగ్గించింది. 2010లో దోషులకు పడింది రెండేళ్ల శిక్ష.

దీనివల్ల ఒక విపరీతం పుట్టుకొస్తోంది. ఇంజినీరును పిలిపించి పరీక్ష చేయించిన యజమాని చేతికి ప్రమాదం ఉందన్న నివేదిక వస్తుంది. రేపు భవనం కూలితే ఆ నివేదికే అతనిపై సాక్ష్యమవుతుంది. పరీక్షే చేయించని యజమాని మాత్రం ‘నాకు తెలియదు’ అని తప్పించుకుంటాడు. జాగ్రత్తపడినవాడికి ముప్పు, కళ్లు మూసుకున్నవాడికి ఊరట! అధికారుల విషయంలో ఇదే తలకిందులుగా పనిచేస్తోంది. నోటీసు ఇస్తే తమకు తెలిసిందని రుజువైనట్టే. కానీ మన వ్యవస్థలో ఆ నోటీసు వారి మెడకు చుట్టుకోవడం లేదు, వారికి కవచమవుతోంది. జీహెచ్‌ఎంసీ చట్టం 456వ సెక్షన్ ప్రకారం కూలిపోయేలా ఉన్న కట్టడాన్ని పడగొట్టమని, బాగు చేయమని కమిషనర్ ఆదేశించవచ్చు. ఇన్ని అధికారాలున్న చట్టం, వాటిని వాడకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పదు.

యజమానికో న్యాయం, పర్యవేక్షకుడికో న్యాయం

నష్టపరిహారం విషయంలో మన సుప్రీంకోర్టే రెండు వేర్వేరు దారులు చూపింది. ఢిల్లీ చాందినీచౌక్‌లోని గడియార స్తంభం 1950లో కూలి దారిన పోయేవారు చనిపోయారు. అది పురపాలక సంఘం ఆస్తి. కట్టి సుమారు 80 ఏళ్లయింది. వాడిన సున్నాన్ని బట్టి దాని ఆయుష్షు 40-45 ఏళ్లేనని ఇంజినీరింగ్ సాక్ష్యం తేల్చింది. దారి పక్కన కట్టడం ఉన్న యజమాని దాన్ని ప్రమాదం లేకుండా ఉంచి తీరాలని, లోపం పైకి కనిపించినా కనిపించకపోయినా బాధ్యత తప్పదని 1966లో సర్వోన్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. స్తంభం కూలడమే నిర్లక్ష్యానికి రుజువు. కాదని నిరూపించుకోవాల్సింది యజమానే.

ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలు కేసు ఇంకో దారిలో వెళ్లింది. 1997 జూన్ 13న పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్‌లో మంటలొస్తే విద్యుత్ సిబ్బంది సరైన పరికరం లేకుండానే కేబుల్ బిగించి వెళ్లారు. సాయంత్రం అదే కనెక్షన్ ఊడి చెలరేగిన మంటలకు, పొగకు 59 మంది బలయ్యారు. పరిహారంలో 85 శాతం థియేటర్ యాజమాన్యం, 15 శాతం విద్యుత్ బోర్డు చెల్లించాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అనుమతులిచ్చి పర్యవేక్షించాల్సిన నగరపాలికను, పోలీసు లైసెన్సింగ్ విభాగాన్ని మాత్రం పరిహార బాధ్యతనుంచి తప్పించింది. దురుద్దేశం లేకుండా విధిలో విఫలమైనంత మాత్రాన చట్టబద్ధ సంస్థలపై పరిహారం మోపలేమన్నది ఆ తీర్పు సారం. హైకోర్టు నిర్ణయించిన పరిహారమూ తగ్గింది. ఇరవై ఏళ్లు దాటిన మృతుల కుటుంబాలకు 18 లక్షలున్నది 10 లక్షలకు, శిక్షాత్మక పరిహారం రెండున్నర కోట్లనుంచి 25 లక్షలకు దిగింది. ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే తేలేది ఇదే: ప్రభుత్వ సంస్థ యజమాని అయితే దొరుకుతుంది, పర్యవేక్షకురాలు అయితే దొరకదు.

యజమాని ప్రభుత్వమే అయిన చోటా న్యాయం సూటిగా సాగడం లేదు. ముంబయి డాక్‌యార్డ్ రోడ్డులో 2013 సెప్టెంబరు 27న కూలి 61 మందిని పొట్టనపెట్టుకున్న భవనం సాక్షాత్తూ మహానగరపాలికదే. అందులో ఉన్నవి దాని ఉద్యోగుల కుటుంబాలే. రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో 2025 జులై 25న ప్రభుత్వ పాఠశాల కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. వెంటనే సస్పెండైనవారిలో ఉపాధ్యాయులున్నారు. బడి పైకప్పు బాగుచేసే నిధులు బడిపంతులు చేతిలో ఉండవు. డబ్బు, అధికారం ఒకచోట, శిక్ష మరోచోట ఉన్నంతకాలం మరమ్మతులు జరగవు. గుజరాత్‌లోని మోర్బీలో 2022 అక్టోబరు 30న తెగిన తీగల వంతెన మరో పాఠం. నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగించారు. నెలల తరబడి మూసి, బాగు చేశామని తెరిచిన నాలుగు రోజులకే 135 మంది ప్రాణాలు పోయాయి. ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయని ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చింది. రంగులు వేసిన పనిని మరమ్మతు అనుకోవడం ఎంత ప్రమాదకరమో ఆ లెక్క చాలు.

ఎవరి వాదన వారిది

యజమానుల గోడు కొట్టిపారేయదగ్గది కాదు. పాతబస్తీల్లో అద్దెలు దశాబ్దాల కిందటివి. ఒక్క ఇంటికి డజను మంది వారసులు. వాటాల పంచాయితీ తేలేదాకా ఒక్క ఇటుక కదపడానికి వీల్లేదని స్టేలు. నెలకు కొన్ని వందల అద్దె వచ్చే మిద్దెకు లక్షలు పెట్టి ఎవరు బాగు చేయిస్తారు? అద్దెదారుల భయమూ అంతే నిజం. ‘శిథిలం’ అన్న ముద్ర చాలాచోట్ల ఖాళీ చేయించే ఎత్తుగడ. మరమ్మతు కోసం ఖాళీ చేసిన అద్దెదారుకు తిరిగి చోటివ్వాలని అద్దె చట్టం చెబుతున్నా, ఒకసారి గడప దాటితే మళ్లీ లోపలికి రానిస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. యజమాని బాగు చేయించకపోతే అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటోంది. పగిలిన కిటికీకి, కారే కుళాయికి అది పనికొస్తుంది గానీ కుంగిన పునాదికి ఏం సరిపోతుంది? ముంబయి భిండీ బజార్‌లో 2017 ఆగస్టు 31న కూలి 33 మందిని బలిగొన్న హుస్సేనీ భవనం పునర్నిర్మాణ జాబితాలో అప్పటికి ఏళ్లుగా ఉంది. కొన్ని కుటుంబాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. సిబ్బంది చాలరని, బలవంతంగా ఖాళీ చేయిస్తే కోర్టుకు లాగుతారని పురపాలక అధికారులు చెప్పేదీ అబద్ధం కాదు.

న్యాయకోవిదుల్లోనూ రెండు పక్షాలున్నాయి. జైలు భయం లేకపోతే ఎవరూ కదలరన్నది ఒకటి. జైలు భయం పెరిగేకొద్దీ నిజాలు దాస్తారని, ఇంజినీర్లు ధ్రువపత్రంపై సంతకానికి వెనకాడతారని, కాబట్టి పరిహారం, బీమా, ముందస్తు తనిఖీలే మేలని మరొకటి. ఇతర దేశాల అనుభవం చూస్తే ఈ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సిన అగత్యం లేదనిపిస్తుంది.

పరదేశాల పాఠాలు

పరిహారం విషయంలో ఐరోపా, జపాన్ చట్టాలు బాధితుడి పక్షాన నిలిచాయి. నిర్వహణ లోపం వల్లనో, నిర్మాణ లోపం వల్లనో కట్టడం కూలితే నష్టానికి యజమానే జవాబుదారీ అని ఫ్రాన్స్ పౌరస్మృతి చెబుతుంది. జర్మనీలో తప్పు ఉన్నట్టే భావిస్తారు. తగిన జాగ్రత్త తీసుకున్నానని భవనం ఎవరి ఆధీనంలో ఉందో వారే నిరూపించుకోవాలి. జపాన్ పౌరస్మృతి 717వ అధికరణం మరో మెట్టు పైకెక్కింది. కట్టడంలో లోపం వల్ల నష్టం జరిగితే మొదట అందులో ఉంటున్నవారిని అడుగుతారు. వారు జాగ్రత్తగా ఉన్నట్టు తేలితే యజమాని చెల్లించాలి. ‘నా తప్పు లేదు’ అన్న మాట యజమాని నోట చెల్లదు. ప్రభుత్వ కట్టడాలకు ఇలాంటి బాధ్యతే ప్రభుత్వంపై వేరే చట్టం ఉంచింది. మన దగ్గర బాధితుడు సివిల్ దావా వేయాలంటే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టి, చాలా సందర్భాల్లో నిర్లక్ష్యాన్ని తానే నిరూపించి, ఏళ్ల తరబడి తిరగాలి. అందుకే ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టుకుంటాడు. ఆ మాటకు అర్థమే దయతో ఇచ్చేదని. హక్కుగా రావాల్సింది దయగా వస్తోంది.

నేరబాధ్యతను పంచిచూడటంలో ఫ్రాన్స్‌లోని మార్సే నగరం కేసు గమనించదగ్గది. 2018 నవంబరు 5న ఓబాన్య వీధిలో రెండు పాత భవనాలు కూలి ఎనిమిది మంది చనిపోయారు. అంతకు 18 రోజుల ముందే నిపుణుడొకరు భవనాన్ని చూసి, ఖాళీ చేసినవారిని అదేరోజు తిరిగి లోపలికి పోనిచ్చారు. 16 మందిపై విచారణ జరిగి 2025 జులైలో తీర్పు వచ్చింది. మరమ్మతులను వాయిదా వేస్తూ వచ్చిన కొందరు సహ యజమానులకు, ఆ నిపుణుడికి శిక్షలు పడ్డాయి. నిర్వహణ సంస్థకు, పక్క భవనం యజమాని అయిన సామాజిక గృహ సంస్థకు జరిమానాలు పడ్డాయి. మాజీ ఉపమేయర్ మాత్రం నిర్దోషిగా బయటపడ్డారు. అపార్టుమెంటులో వాటా ఉన్నవాడు ‘సంఘం చూసుకోవాలి’ అని తప్పుకోలేడని ఆ తీర్పు స్పష్టం చేసింది. రాజకీయ అధికారం దాకా చెయ్యి చాచడం అక్కడా తేలిక కాదనీ చూపింది.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2021 జూన్ 24న కూలిన సర్ఫ్‌సైడ్ టవర్ మన అపార్టుమెంట్లకు నేరుగా వర్తించే కథ. నీటి చెమ్మవల్ల కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చారు. ఖర్చు ఎవరు భరించాలన్న తగవులతో మూడేళ్లు గడిచాయి. కోటిన్నర డాలర్ల పనికి ఫ్లాట్ల యజమానులనుంచి చందాలు వసూలు చేయాలని తీర్మానించిన కొద్ది నెలలకే 98 మంది శిథిలాల కింద పోయారు. ఏడాది తిరిగేలోగా వంద కోట్ల డాలర్లకు పైబడిన పరిహార ఒప్పందం కుదిరింది. సంఘం, ఇంజినీర్లు, పక్క స్థలంలో కట్టినవారు, భద్రతా సంస్థ అందరూ వాటా వేసుకున్నారు. 2022లో వచ్చిన చట్టం మూడంతస్తులు, ఆపైన ఉన్న ఉమ్మడి భవనాలకు ముప్ఫై ఏళ్లు నిండగానే, తర్వాత పదేళ్లకోసారి తనిఖీని తప్పనిసరి చేసింది. మరమ్మతు నిధిని పోగుచేయకుండా తప్పించుకునే వెసులుబాటును తొలగించింది. దాని ప్రభావమూ చూడాలి. నెలవారీ చందాలు పెరిగి, పింఛన్లపై బతికే వృద్ధులు విలవిల్లాడారు. చివరికి 2025లో రుణాల ద్వారా నిధి కూర్చుకునేలా సడలింపులిచ్చారు. బాధ్యత మోపిన చట్టం దాన్ని మోసే దారి కూడా చూపకపోతే ఇలాగే వెనక్కి రావాల్సివస్తుంది.

హాంకాంగ్ అనుభవం మరో హెచ్చరిక. 2010లో పాత భవనం కూలి నలుగురు చనిపోయాక, ముప్ఫై ఏళ్లు దాటిన భవనాల తనిఖీని 2012నుంచి అమల్లోకి తెచ్చారు. 2025 నవంబరు 26న అక్కడి తాయ్‌పో ప్రాంతంలోని నివాస సముదాయంలో మరమ్మతులు జరుగుతుండగానే అగ్నిప్రమాదం జరిగి 150 మందికి పైగా మరణించారు. వెదురు పరంజాలకు చుట్టిన వల, కిటికీలకు అమర్చిన నురగ పలకలు మంటను అంతస్తులపైకి పాకించాయి. కాంట్రాక్టుల్లో అవినీతిపై దర్యాప్తు మొదలైంది. మరమ్మతును తప్పనిసరి చేస్తే చాలదు, మరమ్మతు చేసేవారినీ, వాడే సరకునూ కనిపెట్టి చూడాలి.

మనమేం చేయాలి?

తొంభైల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో బారులు తీరి లేచిన అపార్టుమెంట్లు ఇప్పుడు ముప్ఫై ఏళ్ల గడప దాటుతున్నాయి. రెరా చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకు బిల్డరు జవాబుదారీ ఐదేళ్లే. ఆ తర్వాత భారమంతా ఫ్లాట్ల సంఘానిదే. చాలా సంఘాల చేతిలో లిఫ్టు, వాచ్‌మన్, కరెంటు బిల్లు పోను మిగిలేది స్వల్పం. ముంబయిలో ముప్ఫై ఏళ్లు దాటిన భవనాలకు నిర్మాణ పటిష్ఠత ధ్రువపత్రం ఉండాలని ముంబయి నగరపాలిక చట్టంలోని 353బి సెక్షన్ నిర్దేశిస్తోంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ వానాకాలం ముందు కంటితో చూసి చేసే సర్వేలదే పెత్తనం. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు సామర్థ్య పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. థర్డ్‌పార్టీ బీమా లేనిదే అది రోడ్డెక్కకూడదు. ఎవరి తప్పన్నది తేల్చకుండానే వాహన ప్రమాద మృతుడి కుటుంబానికి ఐదు లక్షలు దక్కేలా మోటారు వాహన చట్టంలో ఏర్పాటుంది. వంద మంది నిద్రపోయే భవనానికి ఈ మూడింట్లో ఒక్కటీ ఎందుకు లేదో పాలకులు చెప్పాలి.

తెలియకపోవడం లాభసాటిగా ఉన్న పరిస్థితిని మార్చడమే సంస్కరణకు మొదటి మెట్టు. ముప్ఫై ఏళ్లకు ఒకసారి, తర్వాత పదేళ్లకోసారి, తీరప్రాంతంలో ఇంకా తరచుగా నిర్మాణ పరీక్షను తప్పనిసరి చేసి, నివేదికను గుమ్మం దగ్గర, పురపాలక వెబ్‌సైట్లో పెట్టాలి. బ్రిటన్ 2022 భవన భద్రతా చట్టంలో ఎత్తయిన నివాసాలకు చేసినట్టు ప్రతి భవనానికి ఒక జవాబుదారీ వ్యక్తిని నమోదు చేయాలి. నివేదికలో ప్రమాదం ఉందని తేలాక గడువులోగా పని చేయకపోవడాన్ని, భవనం కూలినా కూలకపోయినా ప్రత్యేక నేరంగా చేయాలి. శవాలు లేచేదాకా ఆగే చట్టం దండించగలదేమో గానీ కాపాడలేదు. పరీక్ష చేయించి, చిత్తశుద్ధితో పని మొదలుపెట్టిన యజమానికి తీవ్రమైన సెక్షన్లనుంచి రక్షణ ఉండాలి. స్తోమత లేనివారికి తక్కువ వడ్డీ రుణం ఇవ్వాలి. లేదా పురపాలికే బాగుచేసి ఆస్తిపన్నుతో కలిపి వాయిదాల్లో వసూలు చేసుకోవాలి. ఖాళీ చేసే అద్దెదారుకు తిరిగివచ్చే హక్కును ధ్రువపత్రంగా చేతికివ్వాలి, అప్పటిదాకా తలదాచుకునే చోటు చూపాలి. కూలిన ప్రతి సందర్భంలో బాధితులకు తప్పుతో నిమిత్తం లేని తక్షణ పరిహారం అందాలి. దాన్ని తర్వాత బాధ్యులనుంచి రాబట్టుకోవడం ప్రభుత్వం పని.

ఇదంతా ముందుగా అమలు కావాల్సింది ప్రభుత్వ కట్టడాల్లోనే. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి వాననీరు చేరి 2020 జులైలో దానికి తాళం వేసేనాటికి, బాగు చేయాలా కూల్చాలా అన్న వాదన ఏళ్లుగా నలుగుతూనే ఉంది. బడులు, వసతి గృహాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పటిష్ఠత జాబితాను ప్రకటించని ప్రభుత్వానికి ప్రైవేటు యజమానిని నిలదీసే నైతికత ఉండదు.

కొత్త చట్టాలకు సమయం పడుతుంది. వచ్చే తొలకరి అంతదాకా ఆగదు. ఈసారి గోడకు అంటించే నోటీసు మీద దాన్ని జారీచేసిన అధికారి పేరు, పని పూర్తికావాల్సిన తేదీ, ఆ తేదీ దాటితే పురపాలక సంఘం ఏం చేస్తుందన్న మూడు వాక్యాలు చేర్చడానికి శాసనసభ సమావేశం కానక్కర్లేదు. కమిషనర్ సంతకం ఒక్కటి చాలు.